మారా, ఐస్‌లాండ్, అంకోర్: కెమెరాతో మొదటి విదేశీ ప్రయాణం ఎటు?

కెమెరా కొని కొన్నేళ్ళయింది. ఊరి చెరువు, పక్క ఊరి గుడి, ఇంటి వెనక పిట్టలు అన్నీ తీశారు. ఇప్పుడు కాస్త డబ్బు కూడబెట్టి, ఆఫీసులో పది రోజుల సెలవు ఒప్పించుకుని, ఫొటోల కోసమే ఒకసారి దేశం దాటాలనుకుంటున్నారు. ఈ దశకు వచ్చినవాళ్ళ నోట తరచుగా వినపడే పేర్లు మూడు. జంతువులంటే కెన్యాలోని మసాయి మారా, ప్రకృతి దృశ్యాలంటే ఐస్‌లాండ్, పాత కట్టడాలంటే కంబోడియాలోని అంకోర్.

ఈ మూడింట్లో ఏది అందంగా ఉంటుందని పోల్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తేలదు. నేనైతే వేరే ప్రశ్న వేసుకోమంటాను. ఇవాళ సరిగ్గా రాని ఫొటో కోసం రేపు మళ్ళీ అక్కడే నిలబడగలరా? అంకోర్‌లో నిలబడగలరు. గుడి ఎక్కడికీ పోదు, మర్నాడు ఉదయం కూడా ఎండ అదే కిటికీలోంచి పడుతుంది. ఐస్‌లాండ్‌లో కొండ అక్కడే ఉంటుంది గానీ, రేపు అది కనిపిస్తుందా లేదా అన్నది మబ్బు చేతిలో ఉంటుంది. పైగా అప్పటికి మీరు రెండు వందల కిలోమీటర్లు దాటి వెళ్ళిపోయి ఉంటారు. మారాలో ఆ చీతా, ఆ పరుగు, ఆ దుమ్ము మళ్ళీ రావు. రాత్రి గదిలో ఫొటోలు చూసుకుని, ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకుని, పొద్దున్నే వెళ్ళి సరిదిద్దుకోవడంలోనే చెయ్యి తిరుగుతుంది. ఆ అవకాశం పుష్కలంగా ఉన్న చోటికి మొదట వెళ్ళడం మేలు. అందుకే నా ఓటు అంకోర్‌కి. ఎవరికి ఈ సలహా వర్తించదో కింద చెప్తాను.

అంకోర్: రెండోసారి తీసుకోనిచ్చే చోటు

సియెమ్ రీప్ అనే పట్నంలో దిగితే చాలు, గుళ్ళన్నీ టుక్‌టుక్ దూరంలోనే ఉంటాయి. పాస్ ఒక రోజుకు 37 డాలర్లు, 3 రోజులకు 62, 7 రోజులకు 72. మూడు రోజుల పాసును వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా మూడు రోజులు వాడుకోవచ్చు. ఏడు రోజుల పాసుకు నెల గడువు ఉంటుంది. ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళు ఏడు రోజులదే తీసుకోవాలి. పది డాలర్ల తేడాతో నాలుగు రోజులు అదనంగా వస్తాయి.

అంకోర్ వాట్ పడమర ముఖంగా ఉన్న గుడి. 12వ శతాబ్దపు తొలి సగంలో రెండవ సూర్యవర్మ కట్టించాడు. ముఖం పడమరకు ఉంది కాబట్టి, ముందు నుంచి చూసేవాళ్ళకు పొద్దున సూర్యుడు గుడి వెనకనుంచి లేస్తాడు. అందరూ తీసే ఫొటో ఇదే. ఎడమ చేతి వైపు కోనేటి ఒడ్డున చీకట్లోనే చేరిన జనం, నల్లగా ఐదు శిఖరాలు, నీళ్ళలో వాటి నీడ. బాగుంటుంది, తీయండి. కానీ అందులో రాయి కనిపించదు, ఆకారం మాత్రమే కనిపిస్తుంది. రాతి రంగు కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక రావాలి. అప్పుడు ఎండ నేరుగా గుడి ముఖం మీద పడి, బూడిద రంగు రాయి తేనె రంగులోకి తిరుగుతుంది.

వసారాల్లోని గోడ శిల్పాలకూ ఇదే లెక్క. పడమటి వసారాలో ఒకవైపు కురుక్షేత్రం, ఇంకోవైపు లంకా యుద్ధం. సాయంత్రం ఎండ స్తంభాల మధ్యనుంచి ఏటవాలుగా లోపలికి వస్తుంది. అంత లోతులేని శిల్పం మీద వెలుతురు ఎదురుగా పడితే అంతా చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి పడితే ప్రతి బాణానికీ, గుర్రం జూలుకూ సన్నని నీడ వచ్చి బొమ్మ గోడలోంచి లేచి నిలబడుతుంది. అంపశయ్య మీద భీష్ముడున్న చోట నిలబడి అరగంట సేపు ఆ నీడ జరగడం చూడండి. ఒకే శిల్పానికి నాలుగైదు రకాల ఫొటోలు వస్తాయి. తూర్పు వసారాలోని క్షీరసాగర మథనానికి మాత్రం ఉదయం వెళ్ళాలి. ఎన్నో చేతులు తగిలి కొన్ని బొమ్మలు నల్లగా, నున్నగా మెరుస్తుంటాయి. ఆ మెరుపు ఫొటోలో తెల్లటి మచ్చగా వస్తుంది కాబట్టి నిలబడే చోటు ఒక అడుగు మార్చుకోండి. మీరు మాత్రం తాకకండి.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక పెద్ద సదుపాయం ఉంది. కథలు ముందే తెలుసు. పది తలల రావణుడు ఎవరో, హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్నది ఎవరో గైడ్ చెప్పక్కర్లేదు. ఏ ఘట్టం ముఖ్యమో తెలిసినవాడు ఫ్రేమ్ త్వరగా కట్టగలడు. బంటియాయ్ శ్రేయ్ గుడిలో ఇది మరీ బాగా తెలుస్తుంది. ప్రధాన గుళ్ళకు ఓ పాతిక కిలోమీటర్లు ఉత్తరంగా ఉన్న ఈ గుడి 967లో ప్రతిష్ఠ జరిగినది. గులాబీ రంగు ఇసుకరాయిలో చెక్కపని అంత సన్నటి చెక్కడం. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, శివుడి మీద బాణం ఎక్కుపెట్టిన మన్మథుడు, ఖాండవ దహనం, కంస వధ, అన్నీ ద్వారాల పైనే ఉంటాయి. నడిమి భాగంలోకి వెళ్ళనివ్వకుండా తాడు కట్టారు కాబట్టి దూరాన్ని దగ్గర చేసే 70–200 లెన్స్ లేకపోతే దూరం నుంచి చూసి రావడమే అవుతుంది. దీనికోసం ఒక ఉదయం మొత్తం కేటాయించండి.

వేళల సంగతి. సూర్యోదయానికి తెరిచేవి అంకోర్ వాట్ లాంటి కొద్ది చోట్లే, అవి 5 గంటలకు తెరుస్తారు. చాలా గుళ్ళు 7:30కి తెరుస్తారు. సూర్యోదయం అవగానే జనం టిఫిన్లకు వెళ్ళిపోతారు. ఆ గంటన్నర అంకోర్ వాట్ లోపల ఖాళీగా ఉంటుంది, అప్పుడు బయటికి రాకండి. తర్వాత నేరుగా తా ప్రోమ్‌కి వెళ్ళండి. గోడల మీద వేళ్ళూనిన మహావృక్షాలున్న గుడి ఇది, దీని మరమ్మతుల్లో మన పురావస్తు శాఖ కూడా ఏళ్ళ తరబడి పని చేసింది. అక్కడ మబ్బు పట్టిన రోజే మంచిది. ఎండ కాస్తే ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు మచ్చలు మచ్చలుగా వచ్చి వేరు ఏదో గోడ ఏదో తెలియదు. బాయోన్ గుడిలోని పెద్ద రాతి ముఖాలకు ఎండ కావాలి, మబ్బు రోజున అవి నిర్జీవంగా ఉంటాయి. ఇలా రోజు వాతావరణాన్ని బట్టి గుడి మార్చుకోవచ్చు, అదే అంకోర్ గొప్పతనం.

బౌద్ధ భిక్షువులను అడిగి తీయండి. పోస్టుకార్డులు అమ్మే పిల్లలకు డబ్బిచ్చి ఫొటో తీయకండి, ఆ డబ్బే వాళ్ళను బడికి దూరం చేస్తుంది. అంకోర్ వాట్ పై అంతస్తుకు భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు ఉంటేనే ఎక్కనిస్తారు. 2025లో థాయ్‌లాండ్‌తో గొడవలు వచ్చి రోడ్డు సరిహద్దు మూతపడింది కాబట్టి బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్ళే పాత సలహాలు నమ్ముకోకుండా విమానం చూసుకోండి, బయల్దేరే ముందు పరిస్థితి కూడా కనుక్కోండి.

మసాయి మారా: బండిలో సీటే సగం ఫొటో

మారాలో డబ్బు లెక్క వేరే. రిజర్వులోకి ప్రవేశానికే విదేశీ పెద్దలకు రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. అంటే సీజన్లో ఒక్క రోజు ప్రవేశ రుసుముతో అంకోర్‌లో ఏడు రోజుల పాసులు రెండు కొనుక్కోవచ్చు, ఇంకా మిగులుతుంది. బండి, బస, భోజనం దాని పైన.

ఇంత ఎందుకు పెట్టాలంటే, అక్కడ దొరికేది ఇంకెక్కడా దొరకదు కాబట్టి. టాంజానియాలోని సెరెంగెటి నుంచి లక్షల సంఖ్యలో వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింక జాతి జంతువులు), వాటితో పాటు జీబ్రాలు జులై నుంచి అక్టోబరు మధ్య మారా గడ్డి మైదానాలకు వస్తాయి. మన పులుల అభయారణ్యాల్లో చాలావాటి కోర్ ప్రాంతాలు వానల వల్ల మూసి ఉండే నెలలు కూడా దాదాపు ఇవే. పైగా మన అడవుల్లో చెట్ల వెనక పులి తోక కనపడితే పండగ. మారాలో చుట్టూ గడ్డే, జంతువును ఆకులు అడ్డు లేకుండా చూడొచ్చు, వేట మొదలు నుంచి చివరి దాకా కళ్ళముందే జరుగుతుంది.

కానీ మీరు ఎక్కడ నిలబడాలో మీరు నిర్ణయించలేరు. బండి దిగకూడదు. రిజర్వు లోపల దారి వదిలి బండి నడపకూడదు. ఒక జంతువు దగ్గర ఒకేసారి ఐదు బండ్లకు మించి ఉండకూడదని నియమం. అందుకని కెమెరా కన్నా ముందు ఆలోచించాల్సింది బండి గురించి. చవగ్గా వస్తుందని ఆరుగురు ఎక్కే వ్యానులో ఒక సీటు కొంటే, సింహం అవతలి కిటికీ వైపు ఉన్నప్పుడల్లా మీకు దొరికేది పక్కవాడి భుజం. కుదిరితే ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి మొత్తం బండి మాట్లాడుకోండి, మనిషికి ఒక వరస రావాలి. ఫొటోగ్రాఫర్లను తిప్పే అలవాటున్న డ్రైవర్ కావాలని ముందే అడగండి. ఎండ ఎటు ఉందో చూసి బండి ఆపే డ్రైవర్ దొరికితే ఖరీదైన లెన్స్ కన్నా ఎక్కువ లాభం.

రిజర్వు పక్కనే మారా నార్త్, నైబోషో లాంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. పశువులు మేపుకుని బతికే స్థానిక మసాయి తెగ కుటుంబాల భూములు కౌలుకు తీసుకుని నడిపేవి ఇవి. ఇక్కడ బండ్లు తక్కువ, పద్ధతిగా దారి దిగి జంతువుకు దగ్గరగా వెళ్ళనిస్తారు, రాత్రి సఫారీ ఉంటుంది. ఖర్చు ఎక్కువ. మారా నది దాటే వైల్డ్‌బీస్ట్ గుంపుల ఫొటోనే మీ కల అయితే రిజర్వులో ఉండండి. చీతాలు, సింహాలు, చిరుతలు ప్రశాంతంగా తీయాలంటే కన్సర్వెన్సీ మేలు. నది దగ్గర ఒక్కోసారి గంటల తరబడి ఎదురుచూడాలి. గుంపు ఒడ్డుకు వస్తుంది, మొదటి జంతువు నీళ్ళు వాసన చూస్తుంది, ఏదో బెదురు పుట్టి అంతా వెనక్కి మళ్ళుతుంది. ఆ రోజుకు అంతే కావచ్చు. నాలుగు రాత్రుల కన్నా తక్కువ ఉండే పనైతే నది మీద ఆశ పెట్టుకోకండి.

వెలుతురు కూడా ఆలోచించాలి. మారా భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడుగునా ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది, సూర్యుడు నిటారుగా పైకెక్కేస్తాడు. ఎనిమిదిన్నర దాటాక నీడలు గట్టిపడతాయి. మెత్తటి వెలుతురు పొద్దున ఓ గంటన్నర, సాయంత్రం ఓ గంటన్నర, అంతే. క్యాంపులో టిఫిన్ తిని బయల్దేరదామంటే కుదరదు, టిఫిన్ డబ్బాలో కట్టించుకుని గేటు తెరిచే వేళకు అక్కడ ఉండాలి.

చిన్న విమానంలో వెళ్తే సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. రోడ్డు మీద నైరోబీ నుంచి ఐదారు గంటలు. ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకండి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనే ఆ సర్టిఫికెట్ అడుగుతారు, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ప్లాస్టిక్ సంచులు కెన్యాలో 2017 నుంచి నిషేధం, కెమెరాకు దుమ్ము తగలకుండా గుడ్డ సంచులు తీసుకెళ్ళండి.

ఐస్‌లాండ్: ఓపిక, స్టీరింగు, ట్రైపాడ్

ఐస్‌లాండ్‌ను మూడో స్థానంలో పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. అందంలో అది ఎవరికీ తీసిపోదు. వెలుతురు విషయంలో మూడింట్లో అదే మొదటిది. రాజధాని రేక్యవిక్ 64 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్ రాత్రుల్లో సూర్యుడు అడ్డంగా, దిక్చక్రానికి ఆనుకుని పాకుతాడు, చీకటే పడదు. మారాలో గంటన్నర దొరికే బంగారు వెలుతురు ఇక్కడ రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా సాగుతుంది. పగలు నిద్రపోయి రాత్రి తిరగండి, జనం కూడా ఉండరు.

ఇబ్బంది గాలి. చినుకు అడ్డంగా వస్తుంది, స్కోగాఫోస్ జలపాతం దగ్గర తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది. తేలికపాటి ట్రైపాడ్ నిలబడదు. దాని కాళ్ళు పొడుగ్గా లాగకుండా పొట్టిగా పెట్టి, సంచి బరువు కింద వేలాడదీయాలి. కారు తలుపు గాలికి ఎదురుగా తెరిస్తే విరిగిపోతుంది, అద్దె కారు ఇన్సూరెన్సులు ఆ నష్టాన్ని చాలావరకు ఇవ్వవు. సొంతంగా డ్రైవింగ్ చేసేవాళ్ళు లేకపోతే ఐస్‌లాండ్ వెళ్ళడంలో సగం లాభం పోతుంది. టూరు బస్సు మధ్యాహ్నం పన్నెండుకు జలపాతం దగ్గర అరగంట ఆపుతుంది, ఆ అరగంటలో వచ్చే ఫొటో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దేశం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు 1,300 కిలోమీటర్ల పైమాటే. పది రోజుల్లో చుట్టి రావచ్చు, కానీ అప్పుడు ఫొటోలకన్నా డ్రైవింగే ఎక్కువ. దక్షిణ తీరం ఒక్కటి ఎంచుకుని, వీక్ ఊరి దగ్గర, హోప్న్ ఊరి దగ్గర రెండు మకాములు పెట్టుకోమంటాను. అప్పుడు నేను పైన వేసిన ప్రశ్నకు ఐస్‌లాండ్ కూడా కొంత జవాబు ఇస్తుంది. ఇవాళ వెస్ట్రాహోర్న్ కొండ మబ్బులో ఉంటే రేపు మళ్ళీ వెళ్ళొచ్చు.

అక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యోకుల్సార్లోన్ మంచు మడుగు ఎదుటి సముద్రపు ఒడ్డు. నల్లటి ఇసుక మీద గాజులా పడి ఉన్న మంచు ముక్కలు, వాటిని తడిపి వెనక్కిపోయే అల. షట్టర్ అర సెకను నుంచి ఒక సెకను మధ్య పెట్టండి. అల వస్తున్నప్పుడు నొక్కకండి, వెనక్కి పోవడం మొదలవగానే నొక్కండి. నురుగు తెల్లని గీతలుగా సాగి మంచు ముక్క దగ్గర రెండుగా చీలుతుంది. రబ్బరు బూట్లు ఉండాలి, ప్రతి ఫొటోకూ లెన్స్ తుడవాలి. కానీ రేనిస్‌ఫియారా అనే ఇంకో సముద్రపు ఒడ్డున ఈ పని చేయొద్దు. అక్కడ మామూలు అలల మధ్య ఒక పెద్ద అల హఠాత్తుగా లోపలికి వచ్చి మనుషులను లాక్కుపోతుంది, ప్రాణాలు పోయాయి. హెచ్చరిక లైట్లు పెట్టారు, వాటి మాట వినండి. సముద్రానికి వీపు చూపించి నిలబడకండి.

ఇంకో మాట, నాచు మీద అడుగు పెట్టకండి. లావా రాళ్ళ మీద పరుచుకున్న ఆ పచ్చదనం ఒకసారి తొక్కితే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. రోడ్డు దిగి కారు నడపడం చట్టరీత్యా నేరం.

ఏ లెన్స్‌కు ఏ ఊరు

కొత్తగా ఏదీ కొనకుండా ఉన్న లెన్స్‌ను బట్టి ఊరు ఎంచుకోవడం కూడా తెలివైన పద్ధతే. 24–70 లేదా కిట్ లెన్స్ మాత్రమే ఉంటే అంకోర్. మంచి ఫోన్ ఉన్నా అంకోర్‌లో చాలావరకు పని జరుగుతుంది. వైడ్ లెన్స్, గట్టి ట్రైపాడ్, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే ఐస్‌లాండ్. మారాకు కనీసం 400 ఎంఎం, 600 దాకా వెళ్తే ఇంకా మంచిది. మన పెద్ద నగరాల్లో ఇలాంటివి అద్దెకు దొరుకుతాయి, కానీ దేశం బయటికి తీసుకెళ్ళడానికి ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మారాలో ట్రైపాడ్ దండగ. గింజలు నింపిన బీన్ బ్యాగ్ బండి అంచున వేసి దాని మీద లెన్స్ ఆనించాలి. సంచి ఖాళీగా తీసుకెళ్ళి అక్కడే బియ్యమో బీన్సో నింపించుకోండి. దుమ్ములో లెన్స్ మార్చకూడదు కాబట్టి రెండో కెమెరా బాడీ ఉంటే తీసుకెళ్ళండి.

డ్రోన్ ఇంట్లో పెట్టేయండి. అంకోర్‌లోనూ కెన్యా అభయారణ్యాల్లోనూ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ఖరీదైన కెమెరా సామాను అయితే వెళ్ళేటప్పుడే మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చినప్పుడు ఇది అక్కడ కొన్నదా అన్న టెన్షన్ ఉండదు.

మొదటి ప్రయాణమే మారా కావచ్చా? ఎగిరే పక్షిని వెంటాడి ఫోకస్ పెట్టడం ఇప్పటికే చేతికి అలవాటైతే నిరభ్యంతరంగా వెళ్ళండి. పరీక్షించుకోవడానికి గుంటూరు దగ్గర ఉప్పలపాడు చాలు. చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు దగ్గర్లోనే వచ్చి వాలుతుంటాయి. సెకనులో రెండు వేలవ వంతు షట్టర్‌తో, దిగుతున్న పక్షి కన్ను స్పష్టంగా ఉన్న ఫొటోలు పదికి ఆరేడు వస్తున్నాయంటే మారాలో మీ డబ్బు వృథా కాదు. రెండు మూడు దగ్గరే ఆగిపోతే ఆ డబ్బు ఇంకో ఏడాది బ్యాంకులో ఉంచి ఉప్పలపాడు, నేలపట్టు, పులికాట్ తిరగండి. అలాగే లేపాక్షి మండపంలో చీకటి కప్పు మీది బొమ్మలను ఊగకుండా తీయగలిగితే అంకోర్ వసారాలు మిమ్మల్ని భయపెట్టవు.

సెలవుల్ని బట్టి చూస్తే

సంక్రాంతికి సెలవు దొరికితే అంకోర్‌కి వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వాన పెద్దగా ఉండదు, ఎండ భరించగలిగేలా ఉంటుంది. జనం ఎక్కువే, పొద్దున్నే లేస్తే తప్పించుకోవచ్చు.

పిల్లల వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటే అంకోర్ వద్దు. ఏప్రిల్‌లో అక్కడి ఎండ మన రెంటచింతలను గుర్తు చేస్తుంది, మధ్యాహ్నం నాలుగు దాకా గదిలోంచి కదలలేరు. మే చివర, జూన్ మొదట్లో ఐస్‌లాండ్ బాగుంటుంది. పఫిన్ పక్షులు ఒడ్డు కొండల మీద గూళ్ళు పెట్టుకునే కాలం అది, ఆగస్టు మధ్యకల్లా సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఐస్‌లాండ్‌కు కావాల్సిన షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది) ఎండాకాలంలో రద్దీ ఉంటుంది కాబట్టి సంక్రాంతి అవగానే కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టండి.

దసరా సెలవులు మారాకు సరిపోతాయి. గుంపులు ఇంకా అక్కడే ఉంటాయి, ఆగస్టు రద్దీ తగ్గుతుంది. అదే రోజుల్లో ఐస్‌లాండ్‌లో చీకటి తిరిగి వచ్చి ఆకాశంలో అరోరా (ధ్రువాల దగ్గర రాత్రిపూట కదిలే రంగుల వెలుగు) కనిపించడం మొదలవుతుంది, ప్రధాన రోడ్లు ఇంకా బాగానే ఉంటాయి. అరోరా కోసం వెళ్ళేవాళ్ళు డిసెంబరు కన్నా సెప్టెంబరు చివరే ఎంచుకోవాలని నా సలహా. డిసెంబరులో పగలు నాలుగైదు గంటలే, రోడ్ల మీద మంచు. మన ఎండల్లో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ఆ రోడ్ల మీద స్టీరింగు పట్టుకోకపోవడమే మంచిది.